దస్తూరి

నర్సాపురం రేవుకి రెండు వీధుల ఇవతల మా కాలేజీ.
లైబ్రరీ గుమ్మం పక్కన ఒక బిస్కట్ డబ్బా,
మూతకి ఉలితో కొట్టిన చీలిక.
"పేరు రాయక్కర్లేదు" అని పైన రాసింది నేనే.
వారమంతా చీటీలు పడతాయి.
శుక్రవారం మధ్యాహ్నం జవాబులు
నోటీసు బోర్డుకి గుచ్చుతాను.

ఒక్క సంగతి మాత్రం పిల్లలకి చెప్పలేదు.
ఇరవై రెండేళ్లుగా పుస్తకాల రిజిస్టరు నా చేతిలోనే ఉంది.
ఎవరి 'ళ'కి తోక ఎంత పొడుగో,
ఎవరు సున్నాని చుట్టకుండా సగంలో వదిలేస్తారో
నాకు కంఠతా వచ్చు.
డబ్బా మూత తీయగానే
పేర్లు లేని చీటీలన్నీ మొహాలతో సహా నన్ను చూస్తాయి.
కళ్లజోడు తీసేసి చదవబోతాను.
అయినా తెలిసిపోతుంది.

"సార్, ఇంగ్లీషులో పాఠం చెప్తుంటే
తల ఊపుతున్నాను. ముక్క అర్థం కావట్లేదు."
బాబూ, నీ వెనక బెంచీలో ముగ్గురు
నిన్ను చూసి ఊపుతున్నారు.
ముందు నువ్వు ఆపు.

"హాస్టల్ సాంబారులో ముక్కలెందుకుండవు?"
ఇది నా శాఖ కాదు. అయినా వెళ్లి అడిగాను.
వార్డెన్ గారు ఒక ములక్కాడ చూపించారు, దూరం నుంచి.

సఖినేటిపల్లి పంటి మీద రోజూ
రెయిలింగు పట్టుకు నిలబడే అమ్మాయితో
ఏం మాట్లాడాలని ఒకడి బాధ.
గోదారి దాటేవరకూ నీళ్లని చూడు నాయనా,
ఆ అమ్మాయికి కూడా
ఉట్టి నీళ్లని చూడాలనే ఉందేమో,
అది కనుక్కో ముందు.

"అమ్మ లేసు అల్లి చదివిస్తోంది.
నాకు ఈ చదువు ఇష్టం లేదు. పాపమా?"
పాపం కాదమ్మా.
అల్లికలో కుట్టు తప్పితే మీ అమ్మ ఏం చేస్తుందో చూశావా?
మొత్తం విప్పదు.
తప్పిన చోటు దాకానే విప్పుతుంది.

ఒకదానికి బోర్డు మీద జవాబు పెట్టలేదు.
"చెరువులో రొయ్యకి తెల్లమచ్చ వచ్చింది.
నాన్నని ఫీజు అడగనా, మాననా?"
ఆఫీసులో వాయిదాల కాగితం ఒకటి తీసుకుని
ఆ దస్తూరి అడగబోయే పుస్తకంలో పెట్టాను,
పన్నెండో పేజీలో.
వాడు ఇరవై దాటి చదివిన పాపాన పోలేదు.

అన్నీ తెలిసి చెప్తాననుకోకండి.
నేను డిగ్రీ రెండుసార్లు తప్పినవాణ్ణి.

శ్రావణంలో ఎర్రనీరొచ్చింది.
పంటి కట్టేశారు. అవతలి ఒడ్డు పిల్లలు రాలేదు,
ఇవతలి వాళ్లు అది చూసి రాలేదు.
మూడో రోజు డబ్బాలో ఒకటే చీటీ,
మడతలో సుద్దపొడి.
"బోర్డు మీద లెక్క సగంలో ఉండగా
తర్వాతి మెట్టు గుర్తుకు రావట్లేదు.
పిల్లలు వాళ్లని ఆలోచించమంటున్నాననుకుంటున్నారు.
ఎవరికి చెప్పాలి?"

రిజిస్టరు తెరవలేదు.
ప్రతి జూన్‌లో మొదటి సంతకం ఆ చేతిదే.

మూడు శుక్రవారాలు రాసి చించాను.
నాలుగో వారం గుచ్చాను:
"ఒకరికి ఇప్పటికే చెప్పారు.
ఆగిపోయినప్పుడు సుద్దముక్క పిల్లల చేతికివ్వండి,
ఎవరో ఒకరు పూర్తి చేస్తారు.
మంగళవారం భీమవరంలో డాక్టరుంటారు.
నాకూ అక్కడే కంటి పని ఉంది.
ఏడున్నర బస్సు."

పిల్లలు బోర్డు ముందు మూగారు.
ఇదెవరికిరా, ఇదెవరికే అని
సాయంత్రం దాకా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

మంగళవారం బస్టాండులో
చేతిసంచీతో ఆయన ముందే వచ్చి కూర్చున్నారు.
"మీ కళ్లకేమైందండీ?" అన్నారు.
"కొంచెం ఎక్కువ కనిపిస్తోందండీ" అన్నాను.

ఆయన నవ్వలేదు. పక్కకి జరిగి చోటిచ్చారు.
బస్సులో టికెట్లు తనే తీశారు.
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు.